కమాను మావ చెవిన వేయని మాట

కమాను మావ పోయాడన్న కబురు నాకు గుసగుసగా తెలిసింది. ఫోన్ చేసినవాడు సింహాచలం, ఒకప్పుడు నా దగ్గర వంట చేసినవాడు. చావింటి గుమ్మంలో నిలబడి మాట్లాడుతున్నాడు కాబోలు, "బాబూ, మావ పోనాడు. తెల్లారే పోనాడు," అని లోగొంతుకతో అన్నాడు. వినపడక రెండోసారి చెప్పించుకున్నాను.

ఆ మనిషి గురించి ఏ సంగతీ అంతకు ముందు నాకు గుసగుసగా తెలియలేదు. వాళ్ళింట్లో ఆ పూట ఏం కూర వండారో కొత్తవలస రైల్వే గేటు దగ్గర టీ తాగే వాళ్ళందరికీ తెలిసేది. నలభై ఏళ్ళు ఇనుము మీద సమ్మెట వేసి వేసి అతని చెవులు రెండూ పోయాయి. తనకి వినపడదు కనుక లోకానికీ వినపడదనుకునేవాడు. "మీ అత్తకి నిన్నట్నుంచీ విరోసనాలు!" అని రోడ్డుకి అవతల పక్కనున్న నాకు అరిచి చెప్పిన ఘనుడు. గేటు పక్కనే ఉన్న వాళ్ళ కొలిమి షెడ్డు లోపల్నుంచి అత్త నోట్లోని అడ్డచుట్ట తీసి మరీ తిట్టే తిట్లు గేటు దగ్గర ఆగిన బళ్ళన్నిటికీ వినిపించేవి, ఒక్క అతనికి తప్ప.

నాకు అతను వరసకి ఏమీ కాడు. అందరికీ మావే, అందరూ అతనికి అల్లుళ్ళే. బరువు బళ్ళకి వెనక చక్రాల దగ్గర వంచిన ఇనప పట్టీలు ఒకదాని కింద ఒకటి కట్టగా బిగించి ఉంటాయి. వాటినే కమానులంటారు. బండి మోసే బరువంతా వాటి మీదే పడుతుంది. అలసిపోయి చదునైపోయిన పట్టీని కొలిమిలో కాల్చి, కొట్టి, మళ్ళీ దానికి వంపు తేవడం అతని పని. ఆ పని చేతి మీద చేసేవాడు ఈ చుట్టుపక్కల అతనొక్కడే మిగిలాడు. ఇప్పుడు అతనూ లేడు.

నేను అతని దగ్గరికి వెళ్ళింది నా పికప్ బండి కోసం. విశాఖ నుంచి వచ్చే కుర్రకారుని కొండెక్కించి, గుడారాల్లో పడుకోబెట్టి, వండిపెట్టి, మర్నాడు దింపడం నా వ్యాపారం. ఎనిమిది గుడారాలు, పరుపులు, మడత కుర్చీలు, గ్యాస్ బండలు, వంట సామాను, జనరేటరు, ఐదొందల లీటర్ల నీళ్ళ ట్యాంకు. ఇవన్నీ ఎక్కిస్తే బండి వెనక భాగం నేలకి చతికిలపడేది. ముందు లైట్లు రోడ్డుని వదిలేసి కొబ్బరి మట్టల్ని చూసేవి. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కేసరికి ప్రతి గుంతకీ అడుగున టంగుమని ఇనుముకి ఇనుము తగిలేది. వెనక అదనంగా పట్టీలు వేయిస్తే సరిపోతుందని ఎవరో చెప్పారు.

మర్యాదగా ఉంటుందని సామానంతా దింపేసి, బండి కడిగించి మరీ తీసుకెళ్ళాను. అతను బండి చుట్టూ ఒకసారి తిరిగి, వెనక సామాను పెట్టే తొట్టి మీద అరచేత్తో ఒక్కటిచ్చాడు.

"కాళీ బండి నాకెందుకు తెచ్చినావురా? ఎక్కించుకుని రా! నీ బరువేటో నాను సూడాల!"

మర్నాడు అంతా ఎక్కించుకుని వెళ్ళాను. గొంతుక్కూర్చుని ఇరుసుకీ పైనున్న రబ్బరుకీ మధ్య సందులో వేళ్ళు దూర్చాడు. "రొండు వేళ్ళు! నాలుగు దూరాల! రొండే దూరతన్నాయి!" అని నా పరువు రోడ్డంతా పంచాడు. తరవాత టార్పాలిన్ ఎత్తి చూశాడు.

"ఏటివి?"

"గుడారాలు!" అని అరిచాను.

"పెళ్ళెవరికి?"

"పెళ్ళి కాదు మావా! కొండ మీద పడుకోడానికి!"

"ఆళ్ళకి ఇళ్ళు నేవా?"

"ఉన్నాయి!"

"ఉండీ గుడ్డ కింద తొంగుంటారా?" అని నన్నే అనుమానంగా చూశాడు. అబద్ధాలకోరుని చూసినట్టు చూశాడు. ఒక గుడారం అక్కడే షెడ్డు పక్కన వేయించాడు. పాక్కుంటూ లోపలికి దూరాడు. ఎంతసేపటికీ బయటికి రాడు. తొంగి చూస్తే కాళ్ళు బయట పెట్టుకుని నిద్రపోతున్నాడు. లేచాక, "బాగున్నాది. ఉక్క గానీ బాగున్నాది. మీ అత్త గొంతు ఇనపడనేదు," అన్నాడు. అది అతని హాస్యం. తన చెవుల మీద జోకులు తనే వేసుకునేవాడు కాబట్టి మేమెవరం వేసే పని ఉండేది కాదు.

చెవులు లేకపోయినా అతనికి వినే దారులు వేరే ఉన్నాయి. కిరండూల్ లైను నుంచి ఇనప రాయి నింపుకొచ్చే గూడ్సు బండి, గేటు వేయక ముందే అతని అరికాళ్ళకి తెలిసేది. పని ఆపి "వస్తన్నాది," అనేవాడు. కాసేపటికి గేటు పడేది. పట్టీ సరిగ్గా కాలిందో లేదో ఎండు కానుగ పుల్లతో రాసి చూసేవాడు. ఆ పుల్ల కొస ఎలా అంటుకుందో చూసి తలాడించేవాడు, లేదా బూతు తిట్టి మళ్ళీ కొలిమిలో పెట్టేవాడు. బండికి కమాను బిగించాక మాత్రం చెవి పని దవడకి అప్పగించేవాడు. బరువు ఎక్కించిన బండి మీద వెనక తనే ఎక్కి, గడ్డం తొట్టి అంచుకి ఆనించి, కళ్ళు మూసుకునేవాడు. మనం గేటు అవతల వంతెన దాకా తోలి వెనక్కి తేవాలి. ఆ కుదుపులు పళ్ళలోంచి తలలోకి ఎక్కి అతనికి ఏం చెప్పేవో గాని, దిగగానే "ఎడంపక్క మూడో పట్టీ ఏడుస్తన్నాది," అనేవాడు. విప్పి చూస్తే మూడో పట్టీకే సన్నటి బీట ఉండేది.

ఆ ఎక్కడం అతని షెడ్డులో తప్పని ఆచారం. "కట్టినోడు ముందు ఎక్కాల," అనేవాడు. జ్వరంలోనూ ఎక్కేవాడు. అతను వెనక ఎక్కి తిరగని బండిని ఏ డ్రైవరూ ఆ షెడ్డు నుంచి తీసుకెళ్ళలేదు.

నేను పక్కకి మూడేసి పట్టీలు అడిగాను. రెండు రోజులు దెబ్బలాడుకున్నాం. దెబ్బలాట అంటే నేను అరవడం, అతను అరవడం, టీ కొట్టు వాళ్ళు తీర్పు చెప్పడం. "మూడేస్తే బండి లెగుస్తాది. లెగిసింది కదాని నువ్వింకా ఎక్కిస్తావు. నీ మొకం నాకు తెల్దేటి?" అన్నాడు. రెండుకి ఒప్పుకున్నాడు, అదీ ఒక షరతు మీద. బరువున్నంత సేపూ ఈ కమాను గుర్రంలా నడుస్తుంది. బరువు లేనప్పుడు బిగుసుకుపోయి ఉంటుంది కాబట్టి గతుకు తగిలితే వెనక చక్రాలు నేలని వదిలేసి ఎగురుతాయి. మలుపులో ఎగిరితే బండి వెనక భాగం మనిషి మాట వినదు. అందుకని నాలుగు బస్తాల ఇసుక తనే నింపి, గోనె సూదితో మూతులు కుట్టి, సరిగ్గా ఇరుసు మీదికి వచ్చేటట్టు తొట్టిలో పేర్చాడు. వాటి చుట్టూ తెల్ల రంగుతో గళ్ళు గీశాడు.

"ఇయ్యి నీ సామాను కాదు. బండి ఒంట్లో బాగం. దించకు. బరువుతో ఎక్కినా సరే, కాళీగా దిగినా సరే, ఇయ్యి ఉండాల. తెలిసిందా?"

"తెలిసింది మావా!"

"ఏటి?"

"తెలిసింది!"

ఆ తరవాత నేను గేటు దాటిన ప్రతిసారీ అతను షెడ్డులోంచి నాలుగు వేళ్ళు ఎత్తేవాడు. నాలుగూ ఉన్నాయా అని. నేను స్టీరింగు మీంచి నాలుగు వేళ్ళు ఎత్తేవాణ్ణి. ఉన్నాయని. చెవిటి మనిషితో అరవకుండా మాట్లాడగలిగింది ఆ ఒక్క మాటే. అది నాకు ముచ్చటగా కూడా ఉండేది. బండి నిండుగా ఉన్నా తలెత్తుకుని కొండెక్కేది, అడుగున టంగుమనడం మానేసింది. నా బండిని చూసి మరో ఇద్దరు అతని దగ్గరికి వెళ్ళారు. అతని చేతి మీద నాకు గురి కుదిరింది. ఈ మాట ముందే చెప్పి ఉంచుతున్నాను, తరవాత చెప్పబోయేది విన్నాక ఎవరూ నమ్మరు కాబట్టి.

చలికాలంలో వారం వారం జనం రావడం మొదలయ్యాక గుడారాల్ని దించి మళ్ళీ ఎక్కించడం ఎందుకని కొండ మీదే వదిలేసి, కాపలా మనిషిని పెట్టాను. అక్కడ అడుగు మన్ను కింద అంతా రాయి. గుడారం మేకులు దిగేవి కావు. ఒక సాయంత్రం గాలి లేచి, ఒక గుడారం లోపలున్న పరుపులతో సహా దొర్లుకుంటూ పోయింది. వచ్చిన పిల్లలు నవ్వారు, ఫోనుల్లో తీసుకున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. తాళ్ళకి రాళ్ళు కడదామంటే అంచులకి కోసుకుపోతున్నాయి.

"ఆ ఇసక బస్తాలు దించు," అన్నాను సింహాచలంతో.

"మావ దించొద్దన్నాడు కదా బాబూ."

"మావ కొండెక్కొచ్చి సూస్తాడేటి? దించు."

దించాడు. భుజం మీద మోసుకెళ్ళి, దొర్లిపోయిన ఆ గుడారానికి నాలుగు మూలలా పెట్టి తాళ్ళు కట్టాడు. గుడారం మరి కదిలితే ఒట్టు. నా తెలివికి నేనే మురిసిపోయాను. వచ్చే వారం మళ్ళీ కావాలి కదా, మోసుకుని దిగి మోసుకుని ఎక్కడం ఎందుకని బస్తాల్ని అక్కడే ఉంచేశాను. మర్నాడు గేటు దగ్గర మావ నాలుగు వేళ్ళు ఎత్తాడు. నేనూ నాలుగు వేళ్ళు ఎత్తాను. తరవాతి వారమూ ఎత్తాను. ఏమీ కాలేదు. ఏమీ కాకపోయేసరికి ముసలాయనది చాదస్తమని తేల్చుకున్నాను.

మూడో వారం, పొద్దున్న పూట దిగుతున్నాం. తొట్టిలో వంట గిన్నెలు, వాటి మధ్య సింహాచలం. రోడ్డు మంచుకి తడిసి ఉంది. నేనేమీ వేగంగా తోలలేదు. మలుపులో తారు లేచిపోయిన చోట వెనక చక్రాలు రెండుసార్లు ఎగిరాయి. మూడోసారి బండి వెనక భాగం నన్ను అడక్కుండా బయటికి వెళ్ళిపోయింది. మావ చెప్పింది చెప్పినట్టు, అక్షరం పొల్లు పోకుండా జరిగింది. ఘాట్ రోడ్డు అంచు గోడకి కొట్టుకుని పక్కకి ఒరిగిపోయాం. నాకు మోచెయ్యి గీరుకుపోయింది. సింహాచలం కుడికాలు తొట్టి అంచు కింద పడింది. ఆ కాలుని మోకాలి కిందికి తీసేశారు.

బండిని తెచ్చి కొత్తవలసలో మెకానిక్కు పెరట్లో పెట్టారు. చూడ్డానికి పది మంది డ్రైవర్లు చేరారు. "ముసలోడు కమానులు బిగించీసినాడు." "సెవుల్లాగే సేతులూ పోనాయి ఆయనకి." "మరింక ఆయన కాడికి ఎల్లకూడదు." ఒక్కొక్కడూ ఒక్కో మాట. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆ మాటలు నాకు ఎంత హాయిగా తగిలాయో చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది. మనిషిని తొట్టిలో కూర్చోబెట్టి, ఇసుక లేకుండా కొండ దిగానని తెలిస్తే పోలీసులు ఊరుకోరు, వచ్చేవాళ్ళు రారు. నా బతుకు పోతుందని భయపడ్డాను. సింహాచలానికి పోయినది కాలే, నాకు పోబోయేది బతుకంతా అని కూడా లెక్కేసుకున్నాను. ఛీ.

అప్పుడు మావ వచ్చాడు. ఎవరినీ పలకరించలేదు. పట్టీల మీద అరచెయ్యి పెట్టి ఒక్కొక్కటీ తడిమాడు. గడ్డం తొట్టికి ఆనించి, నిలబడి ఉన్న బండి దగ్గరే కాసేపు కళ్ళు మూసుకున్నాడు. తరవాత తొట్టిలోకి చూశాడు. తెల్ల రంగు గళ్ళు నాలుగూ ఖాళీగా కనిపిస్తున్నాయి. బండి పక్కకి పడింది కాబట్టి బస్తాలు రోడ్డు పాలయ్యాయని అందరూ అనుకున్నారు. మావ నా వైపు తిరిగి నాలుగు వేళ్ళు ఎత్తాడు.

పది మందీ నన్నే చూస్తున్నారు. నేను నాలుగు వేళ్ళు ఎత్తాను.

నా వేళ్ళకేసి చాలాసేపు చూశాడు. అనుమానంతో కాదు, నమ్మి చూశాడు. తరవాత తన చేతులకేసి చూసుకున్నాడు. "ఉన్నా ఎగిరిందా," అన్నాడు. ఆ మనిషి లోగొంతుకతో మాట్లాడగా నేను విన్నది అదొక్కసారే.

ఆ మర్నాటి నుంచి కొలిమి వెలగలేదు. ఎవరైనా బండి తెస్తే దూరం నుంచే చెయ్యి ఊపి, "నా సెయ్యి తప్పింది! ఓ మనిసి కాలు తీసీసినాను! ఇంకోసోటికి ఎల్లండి!" అని అరిచేవాడు. కూర సంగతి చెప్పినంత గట్టిగానే చెప్పేవాడు. గేటు పడి బళ్ళు ఆగినప్పుడల్లా ఎవరో ఒకరికి చెప్తూనే ఉండేవాడు. నేను ఆ గేటు మానేసి చుట్టు తిరిగి వెళ్ళడం అలవాటు చేసుకున్నాను.

వారానికోసారి మావ సింహాచలం ఇంటికి జామపళ్ళో, నాలుగు గుడ్లో పట్టుకుని వెళ్ళేవాడట. ఒకరోజు సింహాచలం నన్ను పిలిపించాడు.

"బాబూ, మావకి ఓపాలి సెప్పీండి. నాను తట్టుకోనేకపోతన్నాను."

"ఏటయ్యింది?"

"ఆయనొచ్చి నా కాలు పట్టుకుంటన్నాడు. ఉన్న కాలు."

"నువ్వే సెప్పీ లేదంటే," అన్నాను. ఆ మాట ఎలా అనగలిగానో ఇప్పటికీ తెలియదు.

సింహాచలం తెగిన కాలి మీద దుప్పటి సర్దుకున్నాడు. "నా ఆడది మీ కాడ వంట సేస్తన్నాది బాబూ," అన్నాడు చివరికి. తరవాత, "నాను సెప్తే మీ మీద సాడీ అవుతాది. మీరే సెప్పాల," అన్నాడు.

చెప్పడానికి వెళ్ళాను. అబద్ధం కాదు, నిజంగా వెళ్ళాను. మావ టీ కొట్టు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చుని, చెవి దగ్గర నోరు పెట్టి, "మావా, ఆ రోజు..." అన్నాను.

"ఏటి?"

"ఆ రోజు బండి..."

"గట్టిగా సెప్పు! ఇనపడనేదు!"

టీ తాగేవాళ్ళు తలలు తిప్పారు. ఆ పెరట్లో మాటలన్న డ్రైవర్లే అందులో ఇద్దరు ఉన్నారు.

"బాగున్నావా మావా!" అని అరిచాను.

"బాగున్నాను!" అని అంతకన్నా గట్టిగా అరిచాడు. నా మోచెయ్యి పట్టుకుని, పాత గీకుడు మచ్చ మీద బొటనవేలితో రాశాడు. "నీకు మానిందా?"

అబద్ధానికి నాలుగు వేళ్ళు చాలాయి. నిజం మాత్రం గొంతు చించుకుని, కొత్తవలస గేటు దగ్గర నడిరోడ్డు మీద చెప్పాలి. రాసిద్దామంటే అతనికి చదువు రాదు. చదివి వినిపించే మనిషి మళ్ళీ అరవాల్సిందే.

ఎవరూ లేని చోటికి తీసుకెళ్ళి అరుద్దామనుకున్నాను. బాగుచేయించిన బండి తీసుకెళ్ళి, "కొండ మీదికి పోదాం రా మావా, గుడారంలో పడుకుందువుగాని!" అన్నాను. ఆ బండికి ఇంకా అతని పట్టీలే ఉన్నాయి. తొట్టి వంకర తీయించాను, అద్దాలు మార్చాను, పట్టీల జోలికి మాత్రం మెకానిక్కు వెళ్ళలేదు, అవి వంగనూ లేదు, విరగనూ లేదు. మావ బండిని చూసి దాని మీద చెయ్యి వేయబోయి వెనక్కి తీసుకున్నాడు.

"నాను ఎక్కనురా. ఎక్కాల్సిన పొద్దు ఎక్కనేదు. బండి పడిన పొద్దు ఎనకాల నానుంటే ఆ కాలు నాది పోనుండును," అన్నాడు. అతను రానన్నందుకు నాకు ఎంత ఊపిరి వచ్చిందో. ఇంకోసారి చూద్దాంలే అనుకుని బండి తిప్పేశాను. ఆ ఇంకోసారి అనుకోవడంలోనే ఏడాది పైన గడిచిపోయింది. ఇప్పుడు సింహాచలం ఫోను.

దహనానికి వెళ్ళలేదు. కొండ మీద పని ఉందని ఇంట్లో చెప్పాను. ఏ పనీ లేదు. ఇసుక బస్తాల దగ్గర కూర్చున్నాను. ఎండకీ వానకీ గోనె చీకిపోయి నాలుగింటిలోంచీ ఇసుక కారిపోతోంది. మావ కుట్టిన కుట్లు మాత్రం ఊడలేదు. వాటిని చూస్తూ పెద్దగా ఏడ్చాను. ఆ ఏడుపు వల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు, నాకు కూడా.

ఐదో రోజు అత్త దగ్గరికి వెళ్ళాను. షెడ్డు తలుపు తీసి ఉంది. సమ్మెట వేసే ఇనప దిమ్మ మీద మావ ఫోటో పెట్టి చిన్న దండ వేశారు. ఫోటోలోనూ ఏదో అరవబోతున్నట్టే నోరు కాస్త తెరుచుకుని ఉన్నాడు. అత్త గుమ్మంలో కూర్చుని చుట్ట కాలుస్తోంది.

"ఆయన కట్టిన బండిలోనే వొచ్చినావా?" అంది.

"అవునత్తా."

"మజ్జానం పూట అందరూ తొంగున్నాక ఒక్కడూ ఇక్కడికొచ్చీవోడు. సల్లటి ఇనుము మీద ఓ దెబ్బ ఏసి, దాని మీద సెయ్యెట్టి సూసుకునీవోడు. ఏటి సూస్తన్నావంటే, నా సెయ్యి ఎక్కడ తప్పిందో సూస్తన్నానే అనీవోడు." చుట్ట నోట్లోంచి తీసింది. "దొరకనేదు ఆయనకి."

నేను కింద కూర్చున్నాను. ఆమె కాళ్ళ దగ్గర, ఆమెకి మాత్రమే వినపడేటట్టు చెప్పాను. "అత్తా, ఆ రోజు బండిలో ఇసక నేదు. నేనే దించేశాను. ఉన్నాదని మావకి అబద్దం సెప్పాను."

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. మావ చెవుడు గురించి అన్ని తిట్లు తిట్టిన మనిషి నన్ను ఒక్కటీ తిట్టలేదు. తిడితే బాగుండునని ఎదురు చూశాను.

"మరి ఆయన పట్టీలు?"

"బాగున్నాయి. ఇప్పుటికీ బాగున్నాయి. ఆయన సెయ్యి తప్పనేదత్తా."

"నాకెందుకు సెప్తన్నావు? నాకేటి తెలుసు పట్టీల గురించి?" గడ్డంతో ఫోటోని చూపించింది. "ఆయనకి సెప్పు."

ఫోటో వైపు తిరిగి, చేతులు జోడించి, పెదాలు కదిపాను.

"అలక్కాదు. గట్టిగా సెప్పు. ఆయనకి సెవుడు."

గేటు పడింది. రోడ్డుకి రెండు పక్కలా బళ్ళు ఆగుతున్నాయి. లారీలు, ఆటోలు, టీ కొట్టు ముందు మనుషులు. ఆ పెరట్లోని డ్రైవరొకడు లారీ కిటికీలోంచి మావ ఫోటోకేసి చూస్తున్నాడు. గూడ్సు బండి చప్పుడు దగ్గరికొస్తోంది. నేను లేచి నిలబడ్డాను. ఇంజను దాటి, ఇనప రాయి పెట్టెలు ఒకదాని వెనక ఒకటి పోతుంటే ఆ మోతలో నా గొంతు నాకే వినపడదని తెలిసి నోరు తెరిచాను.

అత్త నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"రైలు ఎల్లిపోనీ," అంది. "అప్పుడు సెప్పు."

ఆఖరి పెట్టె దాకా నా చెయ్యి వదల్లేదు. రైలు వెళ్ళిపోయింది. గేటు ఇంకా లేవలేదు. బళ్ళన్నీ ఇంజన్లు ఆపుకుని ఉన్నాయి.

"మావా! ఇసక నేదు! నీ సెయ్యి తప్పనేదు! ఇసక నేదు మావా!"

లారీలోని డ్రైవరు కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. టీ కొట్టు దగ్గర ఒకరిద్దరు లేచి నిలబడ్డారు. ఫోటోలో మావ నోరు తెరుచుకుని అలాగే చూస్తున్నాడు.

"ఇంకోపాలి సెప్పు," అంది అత్త, చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకుంటూ. "ఒక్కపాలికి ఏనాడు ఇనపడింది ఆయనకి?"